భూగోళం చీటీ

విజయనగరం,
12 జూన్ 2023.

తమ్ముడు ఇమ్మానుయేలుకు,

అప్ప జీవరత్నం రాసేది. దేవుడి దయవల్ల నేనూ నీ కూతురు మెర్సీ బాగున్నాం. మరదలు కాంతానికి వందనాలు చెప్పు.

నువ్వు చెప్పినట్టే చేశాం. నిన్న ఆరాధన అయ్యాక పాస్టరు గారిని ఇంటికి తీసుకొచ్చాను. ఆయన ప్రార్థన చేశారు. మెర్సీ ఇంటర్లో బైపీసీ చదవాలా, భూగోళం గ్రూపు చదవాలా అని రెండు చీటీలు నేనే రాశాను. మడిచి స్టీలు పళ్ళెంలో వేశాను. మెర్సీ ఒకటి తీసి విప్పింది. "భూగోళం" అని చదివింది. పాస్టరు గారు స్తోత్రం అన్నారు. నేను ఆమేన్ అన్నాను.

ఈ రోజు కాలేజీలో చేర్పించాను. చరిత్ర, అర్థశాస్త్రం, భూగోళం. భూగోళం చెప్పేది నరసింగరావు గారు. ఆ గ్రూపులో మెర్సీతో కలిపి పదకొండుమందే.

ఫోను చెయ్యకు. నువ్వు అరుస్తావు, నేను పెట్టేస్తాను, ఆనక ఇద్దరికీ అన్నం సయించదు. నాన్న పద్ధతే మంచిది. తగువొస్తే కాగితం మీద పెట్టమనేవాడు, రాసేసరికి సగం చల్లారుతుందని. ఈ ఉత్తరం సాలూరు బస్సు కండక్టరు కూర్మయ్య చేతికి ఇస్తున్నాను. మీ లారీ ఆఫీసులో నూకయ్యకి అందజేస్తాడు. ట్రిప్పు నుంచి దిగాక చదువుకో.

నీ కోసం రోజూ మోకాళ్ళేసే
అప్ప


సాలూరు,
19 జూన్ 2023.

అప్పకి,

రాయపూరు నుంచి పొద్దున్న దిగాను. బండి కడక్కముందే నూకయ్య నీ ఉత్తరం సేతిలో పెట్టాడు. సదివి టీ వదిలీసాను. నాన్న పద్ధతి ప్రకారం కాగితం మీదే పెడతన్నాను. నాకేటీ సల్లారలేదు.

భూగోళం ఏటప్పా? ఇరవై రెండేళ్ళ బట్టి సాలూరు నుంచి రాయపూరు బండి తోల్తన్నాను. ఏ పుస్తకంలో సదివి తోలేను? నూకయ్యకి సెప్తే, "భూగోళం సదివితే ఏ ఉజ్జోగమొస్తాదిరా, మన ఆఫీసులో క్లీనరు పనా?" అన్నాడు. ఆఫీసంతా నవ్వారు. నేనూ నవ్వేను, మరేటి సేస్తాను.

నువ్వు నర్సమ్మవి. నీ ఉజ్జోగంతోటే నేనూ సెల్లెళ్ళూ ఇంత అన్నం తిన్నాం. పిల్లని నీ దగ్గరుంచింది అది నీలాగ అవుతాదనే. పిల్ల కుదరదు, భూగోళమే అంటే, సరే, సీటీ వెయ్యమన్నది నేనే. ఏదొస్తే అది అన్నది నేనే. దేవుడు బైపీసీయే తీస్తాడనుకున్నాను. ఆయనకి భూగోళంతో ఏటి పనో నాకు బోధపడలేదు.

ఆయన సీటీ కాబట్టి నోరు మూసుకున్నాను. కాకపోతే రేపే వచ్చి టీసీ సింపించుకు పోదును.

నీ తమ్ముడు
ఇమ్మానుయేలు


విజయనగరం,
4 నవంబరు 2023.

తమ్ముడికి,

అందరం క్షేమం. సబ్‌సెంటర్లో టీకాల పని ఎక్కువగా ఉంది.

మెర్సీ గోడ నిండా పటాలు అంటించింది. అన్నం మెతుకులతో. చీమలొచ్చాయి.

మొన్న రామతీర్థం కొండ ఎక్కింది. పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా అక్కడే ఉంది. కాళ్ళు బొబ్బలెక్కాయి. చాలా సంతోషంగా తిరిగొచ్చింది.

నీ బండి బ్రేకులు చూపించుకున్నావా?

అప్ప


సాలూరు,
9 నవంబరు 2023.

అప్పా,

బ్రేకులు బాగానే ఉన్నాయి. నా బుర్రే బాగోలేదు.

రామతీర్థం ఏటి, కొండెక్కడం ఏటి, కాళ్ళు బొబ్బలెక్కడం ఏటి? మొక్కు తీర్చుకున్నాదా మన పిల్ల? ఒకరి గుడి గురించి నాకేటీ లేదు, ఎవరి నమ్మకం ఆళ్ళది. కానీ ఆదివారం మన గుడిలో ఏసు పాటలు పాడే పిల్ల కొండెక్కి మొక్కితే, మన సంఘంలో అడిగినోళ్ళకి నేనేటి సెప్పాలి? కాంతం రెండ్రోజుల నుంచి మాటాడ్డం లేదు. "నీ అప్ప దగ్గర పెట్టమన్నది నువ్వే గదా" అని ఒక్క మాటనీసి ఊరుకుంది. నువ్వేమో నాలుగు ముక్కలు రాసి బ్రేకులు అడుగుతావు.

నువ్వుండి ఎలా ఎల్లనిచ్చేవు?

ఇమ్మానుయేలు


విజయనగరం,
13 నవంబరు 2023.

ఇమ్మానుయేలూ,

మొక్కు కాదు. నరసింగరావు గారు క్లాసు మొత్తాన్ని తీసుకెళ్ళారు. కొండ ఏటవాలు కొలవడానికి. పైన పాత బౌద్ధుల ఇటుక కట్టడాలున్నాయట, అవి కూడా చూశారు. పిల్ల నోట్‌బుక్కులో అంకెలే ఉన్నాయి.

ముందే రాసుండాల్సింది. నేను తక్కువ రాస్తాను, నువ్వు మిగతాది ఊహించుకుంటావు. ఇద్దరిదీ తప్పే.

కొండ ఎవరిదైనా ఎత్తు ఒక్కటే అని మెర్సీ అంటోంది. కాంతానికి చదివి వినిపించు.

అప్ప


సాలూరు,
16 ఏప్రిల్ 2024.

అప్పకి,

మొదటి సంవత్సరం మార్కులు నూకయ్య ఫోనులో సూపించాడు. అర్థశాస్త్రంలో నలబై మూడు. అది పాసయినట్టా, పోయినట్టా? మా లారీ ఆఫీసు సోములు కూతురు ఝాన్సీ బైపీసీలో జిల్లాకే పేరు తెచ్చింది. సోములు ఆఫీసులో లడ్డూలు పంచాడు. నాక్కూడా ఇచ్చేడు. తిన్నాను.

నాకొక ఆలోచన వచ్చింది. ఇక్కడ ఒకేషనల్ కోర్సులో హెల్తు వర్కరుది ఉన్నాదట. ఒక ఏడాది పోతే పోయింది. పిల్ల మన కళ్ళ ముందుంటాది, బతుకు తెరువూ ఉంటాది. నీ సబ్‌సెంటర్లో సేరొచ్చు.

బయల్దేరుదామని సొక్కా కూడా ఏసుకున్నాను. కాంతం గుమ్మంలో నిలబడి, "దేవుడు తీసిన సీటీ మీద నువ్వు ఇంకో సీటీ రాస్తావా?" అంది. సొక్కా ఇప్పీసాను. ఈ సీటీ ఒకటి నా పీక మీద కూర్చున్నాది అప్పా.

మళ్ళీ ఒకసారి వేసి సూద్దామా? పాస్టరు గారినడుగు.

ఇమ్మానుయేలు


విజయనగరం,
20 ఏప్రిల్ 2024.

తమ్ముడికి,

మళ్ళీ వెయ్యొద్దు. నేను వెయ్యను.

భూగోళంలో డెబ్భైకి పైన వచ్చాయి. అది నూకయ్య చూపించలేదా?

అప్ప


విజయనగరం,
28 ఆగస్టు 2024.

తమ్ముడికి,

మెర్సీ నిన్ను కొన్ని అడగాలంటోంది. తను అడిగితే తిడతావని నాతో రాయిస్తోంది.

రెండో సంవత్సరంలో రికార్డు రాయాలి. ప్రాక్టికల్సుకి బయటినుంచి పరీక్ష చేసేవాళ్ళు వస్తారు. ఒక ప్రాంతం నేల ఎత్తుపల్లాలు గీసి చూపించాలి. మెర్సీ సాలూరు ఘాటు రోడ్డు తీసుకుంది. దాని దగ్గర పటం ఉంది. పటంలో ఒకే ఎత్తున్న చోట్లన్నీ కలుపుతూ గీతలుంటాయి. గీతలు దగ్గరదగ్గరగా ఉంటే నేల నిట్రంగా లేచినట్టు, ఎడంగా ఉంటే మెల్లగా లేచినట్టు. అది నిజమో కాదో రోడ్డు మీద చూసుకోవాలట. నువ్వు రోజూ తిరిగే రోడ్డు కదా.

సాలూరు నుంచి కొండ మీద సుంకి దాకా లోడు బండితో ఎక్కేటప్పుడు ఏ చోట ఏ గేరు వేస్తావో వరసగా రాయమంటోంది. మలుపు గుర్తులతో.

నీకు వీలుంటేనే.

అప్ప


సాలూరు,
6 సెప్టెంబరు 2024.

అప్పకి,

ఇది సదువా? పరీక్షలో గేర్లు అడుగుతారా? నూకయ్యకి సెప్పలేదు, ఇంకో ఏడాది నవ్వుతాడు.

రాసుకోమను. కోనవలస దాటేదాకా టాపు గేరు. కొండ మొదట్లో నాలుగు. బండరాయి మీద తెల్ల సున్నం గీత ఉన్న మలుపు దగ్గర మూడు, అక్కణ్ణించి నీళ్ళ ఊట దాకా మూడే. ఊట దాటేక రెండు. పెద్ద మలుపుకి ముందు తిన్నగా, ఎత్తే లేనట్టు కనిపిస్తాది గానీ కాదు, బండి మూలుగుతాది, అక్కడ ఫస్టు ఎయ్యాలి. కొత్త డ్రైవర్లు అక్కడే ఆగిపోతారు. పెద్ద మలుపు తిరిగేక మళ్ళీ రెండు. సుంకి ముందు ఇంకోసారి ఫస్టు.

తిన్నగా కనిపించి నిట్రంగా ఉన్న ఆ చోటు దాని పటంలో ఉన్నాదేమో అడుగు. పటం గీసినోడికి తెలుసో నేదో సూద్దాం.

ఇమ్మానుయేలు


విజయనగరం,
11 సెప్టెంబరు 2024.

తమ్ముడికి,

ఉంది. ఆ చోట ఆరు గీతలు ఒకదాన్నొకటి తాకుతున్నంత దగ్గరగా ఉన్నాయి. మెర్సీ నీ ఉత్తరం పక్కన పెట్టుకుని లెక్క చూసింది. నీ గేర్లలో ఒక్కటీ తప్పలేదు.

"నాన్నకి ముందే అన్నీ తెలుసు అత్తా, కాకపోతే కాళ్ళతో తెలుసు" అంది.

ఆ మాట నీకే రాయమంటే సిగ్గుపడింది. అందుకని నేను రాస్తున్నాను.

అప్ప


సాలూరు,
14 ఫిబ్రవరి 2025.

ప్రియమైన అప్పకి,

మొన్న ప్రాక్టికల్సు రోజున నీకు సెప్పకుండా కాలేజీకి ఎల్లేను. లోడు విజయనగరంలోనే దించాలి. లుంగీ మీదే ఎల్లేను, వరండాలో ఒక పక్కన నిలబడ్డాను. పరీక్ష సేసే ఆయన మన పిల్ల రికార్డు తిరగేసి, ఘాటు రోడ్డు బొమ్మ దగ్గర ఆగిపోయాడు. గీత కింద పొడుగునా నా గేర్లు రాసి ఉన్నాయి. "ఈ సమాచారం ఎవరిచ్చారమ్మా?" అన్నాడు. అది, "మా నాన్నండి, లారీ డ్రైవరు" అంది. గట్టిగా అంది అప్పా. వరండా దాకా వినబడింది. నరసింగరావు మాష్టారు నన్ను సూసి లోపలికి పిలిస్తే నేను బయటికి పరిగెట్టేసాను.

ఇన్నాళ్ళూ ఆ సీటీని తిట్టుకున్నాను. దేవుడికి భూగోళంతో ఏటి పనో ఇప్పుడు తెలిసింది. వచ్చే ఆదివారం, ఇరవైమూడో తారీకు, మా గుడిలో కోతల పండగ. సాక్ష్యం సెప్తానని పాస్టరు గారికి పేరిచ్చేసాను. మైకులో సెప్తాను. నేను బైపీసీ అన్నాను, దేవుడు సీటీలో భూగోళం అన్నాడు, ఆయనే గెలిచాడు అని. పిల్లని శనివారం బస్సెక్కించు. నువ్వూ రావాలి.

నీ తమ్ముడు
ఇమ్మానుయేలు


విజయనగరం,
16 ఫిబ్రవరి 2025.

ఇమ్మానుయేలూ,

సాక్ష్యం చెప్పకు.

కారణం అడక్కు. పేరు తీయించేసుకో. నేను రాలేను.

అప్ప


సాలూరు,
18 ఫిబ్రవరి 2025.

అప్పకి,

అడగొద్దంటే అడగకుండా ఎలాగుంటాను? సిన్నప్పటి బట్టి గుడికి ఎల్తన్నాను, ఒక్కసారి నోరిప్పలేదు. ఇప్పుడు ఇప్పుతానంటే నువ్వే వద్దంటావు.

నాకు తెలుసు. నువ్వు సదువుకున్నదానివి, మైకు ముందు లుంగీవోడు నిలబడి ఏటో వాగుతాడని నీకు నామోషీ. పాస్టరు గార్ల ముందు పరువు పోతాదని. కాంతం కాదంటన్నాది గానీ నాకు అదే అనిపిస్తన్నాది. సిన్నప్పుడు నాకు అక్షరాలు దిద్దించింది నువ్వే. ఆ అక్షరాలతోటే ఇది రాస్తన్నాను. నేను సెప్పి తీరతాను.

ఇమ్మానుయేలు


విజయనగరం,
20 ఫిబ్రవరి 2025.

తమ్ముడూ,

నామోషీ నీ గురించి కాదు. నా గురించి.

ఆ రోజు రెండు చీటీల మీదా నేను బైపీసీ అనే రాశాను.

మెర్సీ ఏది తీసినా అదే రావాలని. నీకు మాటిచ్చాను, పిల్లని నర్సును చేస్తానని. దేవుడు ఏమంటాడోనని భయపడ్డాను. ఆయన్ని అడుగుతున్నట్టు మోకాళ్ళేసి, ఆయన మాట్లాడకముందే జవాబు రాసి పళ్ళెంలో పెట్టాను. పదహారేళ్ళ పిల్ల నోరు మూయించడానికి ఆయన పేరు వాడుకున్నాను.

మెర్సీ చీటీ విప్పింది. బైపీసీ అని ఉన్న కాగితం చూసి "భూగోళం" అని చదివింది. కన్నార్పలేదు. చీటీ నలిపి పిడికిట్లో పెట్టుకుంది. అది అబద్ధమని ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. తప్పు చదివావు, ఇంకోసారి చదువు అందామంటే, మీకెలా తెలుసమ్మా అని పాస్టరు గారు అడుగుతారు. ఆమేన్ అన్నాను. అంత బరువైన మాట నేనెప్పుడూ అనలేదు.

పిల్ల చేసింది తప్పే. దారి చూపించింది నేను. దాన్నెప్పుడూ అడగలేదు. నాకు తెలుసని దానికి తెలియదు.

మొదట నా పరువు కోసం దాచాను. తర్వాత, పిల్ల గోడకంటించిన పటాల ముందు నిలబడి తనలో తను నవ్వుకోవడం చూశాక, దాని కోసం దాచాను. చీటీ లేకపోతే నువ్వు టీసీ తీసుకుపోతావని.

ఇప్పుడు నీకు చీటీ అడ్డం లేదు. మార్చిలో పరీక్షలు. మాన్పించాలనుకుంటే మాన్పించు, నాకు అడిగే హక్కు లేదు. కానీ నా అబద్ధానికి దేవుడి పేరు పెట్టి నువ్వు సంఘం ముందు నిలబడకూడదు. నిన్ను నిలబడనివ్వలేను.

కూర్మయ్యకి ఇది నేరుగా నీ చేతికే ఇవ్వమని చెప్పాను.

అప్ప


సాలూరు,
24 ఫిబ్రవరి 2025.

అప్పకి,

నీ ఉత్తరం శుక్రవారం అందింది. మూడుసార్లు సదివాను. మూడుసార్లూ అదే ఉన్నాది.

శనివారం పిల్ల బస్సు దిగ్గానే, "సుంకికి సిమెంటు లోడు ఉన్నాది, నీ గీతలు సూద్దువు గాని రాయే" అని బండెక్కించాను. కొండ మొదట్లో అడిగాను. "ఆ రోజు సీటీ మీద ఏటుందే?"

కిటికీలోంచి లోయకేసి సూసింది. "బైపీసీ" అంది.

"మరి భూగోళమని ఎలా సదివేవు?"

"ఎలాగోలా సదివేసాను నాన్నా. ఇంకోసారి అడిగితే ఏడిసీదాన్ని. ఎవరూ అడగలేదు."

"అత్తకి తెలుసే" అన్నాను. "రెండూ బైపీసీయేనట."

"నాకూ తెలుసు" అంది. "అత్త పాస్టరు గారిని గుమ్మం దాకా దిగబెట్టడానికి ఎల్లినప్పుడు రెండోది ఇప్పి సూసాను."

"మరి అత్తని నిలదియ్యలేదేటే?"

"అడిగితే నా పిడికిట్లోది అడుగుతాది గదా."

అప్పా, రెండేళ్ళు. మీరిద్దరూ ఒకే సాప మీద పక్కపక్కన మోకాళ్ళేసారు. రెండు పూటలా. నీ దొంగతనం దానికి తెలుసు, దాని దొంగతనం నీకు తెలుసు. బయట నేనొక ఎర్రోణ్ణి, సీటీకి దణ్ణం పెట్టుకుంటా రాయపూరు తిరిగాను. ఎవరిని తిట్టాలో తెలియక స్టీరింగుని కొట్టాను.

అప్పుడే ఆ తిన్నగా కనిపించే చోటు వచ్చింది. నేను కోపంలో సెకండులోనే ఉండిపోయాను. అది గేరు రాడ్డు కేసి సూసి, "ఇప్పుడు ఫస్టు నాన్నా" అంది. బండి మూలిగింది. ఫస్టులో ఏసాను. ఎక్కింది.

ఇంక టీసీ మాటెత్తను. పరీక్షలు రాయమను. అర్థశాస్త్రం కూడా.

ఆదివారం పాస్టరు గారు పేరు పిలిచారు. తీయించడం మరిసిపోయాను. లేచాను. "మా ఇంట్లో సీటీ ఏసి దొంగాట ఆడేం. తప్పయిపోనాది. అయినా ఆయన మా పిల్లని ఎక్కడుంచాలో అక్కడే ఉంచేడు" అని కూర్చున్నాను. అందరూ స్తోత్రం అన్నారు. కాంతం మాత్రం, "ఏటి సెప్పేవో ఒక్క ముక్క బోధపడలేదు" అంది.

నీ మీద కోపం పోలేదు. ఉన్నాది. కాగితం మీద పెట్టేను గదా, మెల్లిగా పోతాది.

ఇమ్మానుయేలు


విజయనగరం,
26 ఫిబ్రవరి 2025.

తమ్ముడికి,

నీ ఉత్తరం మెర్సీ ఎదురుగానే పైకి చదివాను. ఇద్దరం ప్రార్థనకి చాప మీద కూర్చున్నాం. తర్వాత అది, "అత్తా, చీమలొచ్చేసాయి" అంది. లేచి గోడ తుడిచాం.

అప్ప


సాలూరు,
17 ఏప్రిల్ 2025.

అప్పకి,

ఫలితాలు సూసాను. ఈసారి నూకయ్యకి నేనే సూపించాను, భూగోళం దగ్గర ఏలు పెట్టి. అర్థశాస్త్రం గురించి ఎవరం మాటాడుకోలేదు.

డిగ్రీ సంగతి తేలాలి. విశాఖపట్నం ఎల్లి భూగోళమే సదువుతానంటన్నాది. కాంతం దూరమంటన్నాది, సాలూరులోనే ఏదైనా సదవమంటన్నాది. అందుకని ఈ కవరులో రెండు సీటీలు పెట్టేను. ఈసారి నేను రాసాను. అన్నం మెతుకుతో అంటించాను. నువ్వు రాయొద్దు, అది సదవద్దు. అది తీస్తాది, పాస్టరు గారు సదువుతారు. ఇంట్లో ఎవరినీ నమ్మడానికి నేదు.

ఇమ్మానుయేలు


విజయనగరం,
21 ఏప్రిల్ 2025.

తమ్ముడు ఇమ్మానుయేలుకు,

నిన్న పాస్టరు గారు వచ్చారు. ప్రార్థన చేశాం. నీ చీటీలు అదే స్టీలు పళ్ళెంలో వేశాను. నీది పెద్ద చేతిరాత, మడత మీదికి సిరా మచ్చ కనబడబోయింది. కళ్ళు మూసుకున్నాను.

మెర్సీ ఒకటి తీసి పాస్టరు గారికిచ్చింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, "విశాఖపట్నం, భూగోళం" అని చదివారు. మెర్సీ, నేను ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

ఆయన వెళ్ళాక పిల్ల పళ్ళెం వైపు చెయ్యి చాపింది. చేతి మీద ఒక్కటి వేసి, ఆ రెండో చీటీ తీసి పొయ్యి మంట మీద పెట్టాను. దాని మీద నువ్వేం రాశావో నాకు తెలియదు. నువ్వూ చెప్పకు. ఈసారి అడిగాం, జవాబొచ్చింది. నేను ఆమేన్ అన్నాను. తేలిగ్గానే వచ్చింది.

జూన్‌లో పంపిద్దాం. కాంతానికి నేను నచ్చచెబుతాను. పటాలన్నీ తీసి చుట్టి పెట్టుకుంది. ఘాటు రోడ్డు బొమ్మ మాత్రం ఇవ్వనన్నాను, గోడకే ఉంది. నువ్వు లోడుతో బయల్దేరిన రోజున దాని ముందు నిలబడి ప్రార్థన చేసుకుంటాను. కోనవలస దగ్గర వేలు పెట్టి, నీ గేర్లు చదువుకుంటూ సుంకి దాకా వెళతాను. ఆ తిన్నగా కనిపించే చోట కాసేపు ఆగుతాను.

బ్రేకులు చూపించుకో.

అప్ప